డోర్ ప్యాడ్ వెనుక నిలిచిన నీరు: మా కారు ఆడియో ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం

మా నాన్నగారి కారు 2016 నాటి హ్యాచ్‌బ్యాక్. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, సముద్రానికి కిలోమీటరు లోపు దూరంలో, మా అపార్ట్‌మెంట్ కింద నాలుగు పక్కలా తెరిచి ఉన్న పార్కింగ్‌లో అది ఉంటుంది. మూడేళ్ల క్రితం ఊళ్లోని ఒక దుకాణంలో దానికి కొత్త స్టీరియో, నాలుగు తలుపులకూ స్పీకర్లు, ముందు ఎడమ సీటు కింద నాలుగు చానెళ్ల యాంప్లిఫైయర్ పెట్టించాము. పని మూడు గంటల్లో ముగిసింది. ఘంటసాల గొంతు అంత స్పష్టంగా కారులో వినిపించేసరికి నాన్నగారు ఎంతో సంతోషించారు, మేము డబ్బు ఇచ్చి ఇంటికి వచ్చేశాము. అప్పటినుంచి ఆ ఆడియో ఒక్కరోజు కూడా పూర్తిగా మొరాయించలేదు. అందుకే, ఇప్పుడు కనిపిస్తున్న మూడు లోపాలకూ ఆ పనికీ సంబంధం ఉంటుందని మాకు ఎవరికీ తోచలేదు.

మొదటిది, వాన కురిసిన మర్నాడల్లా ముందు ఎడమ వైపు మ్యాట్ కింద తడి. ఏసీ నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుందని మెకానిక్ దాన్ని శుభ్రం చేశాడు గాని తడి తగ్గలేదు. రెండవది, రెండు మూడు రోజులు కదపకపోతే సెల్ఫ్ నీరసంగా తిరగడం. బ్యాటరీ మార్చి ఏడాది కూడా కాలేదు. మూడవది, ఎడమ తలుపు గట్టిగా వేసినప్పుడల్లా ఆ స్పీకర్ ఆగిపోయి, మళ్లీ తెరిచి వేస్తే పలకడం. "కారులో కూర్చుంటే పాత బావిలోకి తొంగి చూసినట్టు వాసన వస్తోందిరా" అని నాన్నగారు నిన్న అన్నారు. ఈ ఉదయం ఆరు గంటలకు బానెట్ ఎత్తి బ్యాటరీ మీద మల్టీమీటర్ (వోల్టేజీ, కరెంటు కొలిచే మీటరు) పెడితే 12.1 వోల్టులు చూపింది. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.1 అంటే సుమారు సగం ఖాళీ. ముందు రోజు నాన్నగారు సింహాచలం దాకా వెళ్లి వచ్చారు కాబట్టి అది ఛార్జ్ అయ్యే ఉండాలి. రాత్రంతా ఏదో దాన్ని తాగుతోంది.

వచ్చే శనివారం నుంచి ఆడియో పని మొత్తాన్ని విప్పి చూడాలని నిర్ణయించుకున్నాను. ఒక్క నియమం పెట్టుకున్నాను: వెనక వైపు ఏముందో కంటితో చూడనిదే, లేదా వేలితో తడమనిదే, ఏ చోటా రంధ్రం వేయకూడదు, ఏ స్క్రూ బిగించకూడదు, ఏ ఫ్యాక్టరీ వైరూ కోయకూడదు.

జూన్ 14, శనివారం

తాళం తీసి, కారు తాళంచెవిని ఇంట్లో పెట్టి, బ్యాటరీ నెగెటివ్ లగ్గు (తీగ చివరి లోహపు బిగింపు) విప్పి పక్కకు కట్టి పదిహేను నిమిషాలు ఆగాను. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లోని కెపాసిటర్లలో బ్యాటరీ విప్పిన తరువాత కూడా కాసేపు ఛార్జ్ నిలిచి ఉంటుంది. కారుతో వచ్చే పుస్తకాల్లో నిమిషం మొదలు కొన్ని నిమిషాల వరకు ఆగమని రాస్తారు. పదిహేను నిమిషాలు ఆగితే పోయేది ఏమీ లేదు. డాష్‌బోర్డు కిందా సీట్ల కిందా పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడింపులు), పసుపు తొడుగు వేసిన వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌కూ, సీటు బెల్టును లాగి బిగించే అమరికకూ చెందినవి. వాటిని తాకకూడదు, వాటికి ఏదీ కట్టకూడదు, మల్టీమీటర్‌తో వాటి రెసిస్టెన్స్ కొలవాలని అసలే చూడకూడదు, ఎందుకంటే మీటరు ఆ కొలతకోసం తన వైపు నుంచి కొద్దిపాటి కరెంటును పంపుతుంది.

ఎడమ డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు పలక) విప్పడానికి ముందు రెండు స్క్రూలు తీసి, ప్లాస్టిక్ పట్టీతో అడుగు భాగం నుంచి ఒక్కొక్క క్లిప్పునూ దాని పక్కనే పట్టుకొని లాగాను. పదకొండు క్లిప్పుల్లో నాలుగు అప్పటికే విరిగి ఉన్నాయి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో మధ్యలోంచి పెకలించిన గుర్తు ప్యాడ్ అంచున స్పష్టంగా ఉంది. తలుపు వేసినప్పుడల్లా వచ్చే గలగల శబ్దం స్పీకర్‌ది అనుకున్నాము గాని, అది ఈ వదులు ప్యాడ్‌ది.

ప్యాడ్ పక్కన పెట్టగానే అసలు సంగతి కనిపించింది. కారు తలుపు లోపలికి నీరు రావడం లోపం కాదు. కిటికీ అద్దం పక్కన ఉండే రబ్బరు పట్టీ వాననీటిని పూర్తిగా ఆపలేదు, ఆపాలని దాన్ని చేయలేదు కూడా. అద్దం మీద నుంచి జారే నీరు తలుపు డొల్లలోకి దిగి, అడుగున ఉన్న చిన్న కన్నాల గుండా కిందికి పోతుంది. ఆ తడి క్యాబిన్ వైపు రాకుండా డోర్ ప్యాడ్ వెనుక, నల్లని జిగురు బ్యూటైల్‌తో అంటించిన ఒక ప్లాస్టిక్ షీట్ ఉంటుంది. ఎవరి కంటికీ కనిపించని ఆ షీటే తలుపుకూ కారు నేలకూ మధ్య ఉన్న గట్టు. మా కారులో స్పీకర్ పట్టడానికి ఆ షీట్‌ను బ్లేడుతో పళ్లెమంత వెడల్పున కోసి, మిగిలిన అంచును వేలాడేలా వదిలేశారు. స్పీకర్ వెనుక భాగాన కొట్టిన నీరు ఆ అంచు మీదుగా ప్యాడ్‌లోకి, ప్యాడ్‌లోంచి మ్యాట్ కిందికి మూడేళ్లుగా దిగుతోంది.

అంతటితో ఆగలేదు. శబ్దం బాగుండాలని, రేకు అదురు తగ్గడానికి అంటించిన డాంపింగ్ షీట్ తలుపు అడుగు దాకా దిగి, మూడు కన్నాల్లో రెండింటిని మూసేసింది. టార్చి వేసి చూస్తే డొల్ల అడుగున వేలి మందాన నీరు, దాని కింద గోధుమ రంగు బురద. మా సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు కలిసిన చెమ్మ ఒకే చోట నిలిచి ఉంటే రేకుల మడత లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. బయట పెయింట్ ఉబ్బేసరికి లోపలి రేకు సగం తినేసి ఉంటుంది. మా అదృష్టం కొద్దీ మడత ఇంకా గట్టిగానే ఉంది, పొక్కులు రెండు చోట్లే ఉన్నాయి.

కన్నాలను మూసిన ముక్కలను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఒలిచాను. నీరు కారిపోయిన తరువాత అద్దం పట్టీ మీద ఒక చెంబెడు మంచినీళ్లు మెల్లగా పోసి, మూడు కన్నాల నుంచీ ధార పడుతోందో లేదో చూశాను. అర నిమిషంలో అంతా పోయింది.

మరొక గుర్తు కూడా దొరికింది. అద్దం లోపలి ముఖం మీద కింది నుంచి పైకి వెంట్రుక వాసి సన్నని గీత ఉంది. అద్దం పూర్తిగా దింపి కొలిస్తే, స్పీకర్ బిగించే రేకుకూ అద్దానికీ మధ్య 54 మిల్లీమీటర్లు మాత్రమే ఉంది. స్పీకర్ అయస్కాంతం లోతు 57. అద్దాన్ని పూర్తిగా దింపినప్పుడల్లా అది అయస్కాంతానికి రాసుకుంటూ, మోటారు దాన్ని బలవంతంగా తోస్తూ వచ్చింది. స్పీకర్ కొనేటప్పుడు ఆరున్నర అంగుళాలన్న వెడల్పు ఒక్కటే చూస్తాము. అద్దం కిందికి దింపి కొలిచిన లోతే ఇక్కడ అంతకన్నా ముఖ్యం.

జూన్ 15, ఆదివారం

ఈ రోజంతా కరెంటు లెక్కకే పోయింది.

బ్యాటరీ నెగెటివ్ ధ్రువానికీ, విప్పిన తీగకూ మధ్య మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో కలిపాను. తలుపులన్నీ వేసి, అరగంట కదలకుండా ఉంచాను. కారులోని చిన్న కంప్యూటర్లు నిద్రలోకి జారుకోవడానికి అంత సమయం పడుతుంది. ముందే చూసిన అంకెను నమ్మితే లేని రోగానికి మందు వెతుకుతాము. మీటరు అలా కలిసి ఉండగా ఇగ్నిషన్ తిప్పకూడదు, తలుపు తెరవకూడదు. సెల్ఫ్ లాగే కరెంటు ముందు మీటరు లోపలి ఫ్యూజు ఒక్క క్షణం కూడా నిలవదు.

అరగంట తరువాత మీటరు 0.42 ఆంపియర్ల దగ్గర నిలిచింది. మామూలుగా ఆగి ఉన్న కారు 0.05 ఆంపియర్లకు లోబడి ఉండాలి. మీటరు తీసి, యాంప్లిఫైయర్ ఫ్యూజు లాగి, అలాగే మళ్లీ కొలిస్తే అంకె 0.03కు పడింది.

గాజువాకలో నలభై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్న ఒక పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన ఒక్క మాటలో విషయం పట్టేశారు. "రిమోట్ తీగ ఎక్కడ కట్టారో చూడు బాబూ. సెల్ఫ్ కొట్టడం లేదంటే బ్యాటరీ మార్చేస్తారు గాని, రాత్రి ఎవరు తాగుతున్నారో చూడరు" అన్నారు. యాంప్లిఫైయర్‌కు మూడు తీగలు ప్రాణం: బ్యాటరీ పాజిటివ్, ఎర్త్ (కారు బాడీకి కలిపేది), రిమోట్. స్టీరియో ఆన్ చేసినప్పుడు మాత్రమే 12 వోల్టులు వచ్చి యాంప్‌ను లేపాల్సినది ఈ రిమోట్ తీగ. స్టీరియో వెనుక అది నీలంపై తెలుపు చారతో ఉంటుంది. మా కారులో దాన్ని స్టీరియో వెనుక పసుపు తీగకు, అంటే గడియారమూ స్టేషన్ల జాబితా చెరిగిపోకుండా ఎప్పుడూ కరెంటు ఉండే తీగకు (ఎయిర్‌బ్యాగ్ పసుపు తీగ కాదు), మెలి పెట్టి టేపు చుట్టారు. అందువల్ల యాంప్ మూడేళ్లుగా పగలూ రాత్రీ మేలుకునే ఉంది. 0.42 ఆంపియర్లు ఇరవై నాలుగు గంటలు అంటే రోజుకు సుమారు 10 ఆంపియర్-గంటలు. మా బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది. రెండు రోజులు కదపకపోతే సగానికి పైగా ఖాళీ. లెడ్ యాసిడ్ బ్యాటరీని మాటిమాటికీ అంత లోతుకు దింపితే దాని పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఆయుష్షు తరిగిపోతుంది. మేము మార్చిన పాత బ్యాటరీ ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమైంది.

స్టీరియో బయటికి లాగి చూస్తే ఫ్యాక్టరీ కప్లర్‌ను కోసేసి, తీగలను చేతితో మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. వేసవిలో ఎండలో నిలబడిన కారు డాష్‌బోర్డు వెనుక టేపు జిగురు కరిగి, తేనెలా కారి, చుట్టు విడిపోయింది. రెండు చోట్ల రాగి బయటపడి, ఉప్పు చెమ్మకు పచ్చగా మారింది. ఇంకా నాలుగు తీగలకు సూది మొనలున్న టెస్టర్‌తో గుచ్చి చూసిన కన్నాలు ఉన్నాయి. ఆ కన్నం కంటికి ఆనదు. కాని దాని గుండా చెమ్మ తొడుగు లోపల రాగి వెంబడి పాకి, నెలల తరువాత తీగను లోపలే తినేస్తుంది. తీగను పరీక్షించాలంటే కప్లర్ వెనుక నుంచి సన్నని మొనను దాని లోహపు పిన్నుకు ఆనించి చూడాలి, తొడుగును గుచ్చకూడదు.

పాడైన మొనలను కత్తిరించి, కారుకు సరిపోయే కప్లర్ హార్నెస్‌ను (కప్లర్‌తో వచ్చే వైర్ల గుత్తిని) ఒక వైపు, స్టీరియో హార్నెస్‌ను మరో వైపు ఉంచి, మధ్య అతుకులను సరైన కొలత లోహపు స్లీవులతో క్రింప్ చేసి (నొక్కి బిగించి), వేడికి ముడుచుకునే ట్యూబు వేశాను. రిమోట్ తీగను నీలం-తెలుపు తీగకే కలిపాను. రేపు ఈ స్టీరియో తీసేయాలన్నా కప్లర్ విప్పితే చాలు.

జూన్ 22, ఆదివారం

నన్ను నిజంగా భయపెట్టిన పని ఇది.

బ్యాటరీ నుంచి యాంప్ దాకా వచ్చే ఎర్ర తీగ ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న ఇనుప గోడలో వేసిన రంధ్రం గుండా వస్తోంది. ఆ రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (తీగ రాసుకోకుండా అంచుకు తొడిగే వలయం) లేదు. రేకు అంచు కత్తిలా ఉంది, ఇంజిన్ అదిరినప్పుడల్లా తీగ దానిమీద రాసుకుంది. తొడుగు సగానికి పైగా తెగి, లోపలి తీగ పోగులు మెరుస్తున్నాయి. ఆ తీగకున్న ఒకే ఒక్క ఫ్యూజు యాంప్ పక్కన, సీటు కింద ఉంది.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు, కాదు. బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజు యాంప్లిఫైయర్‌ను కాపాడడానికి కాదు, తీగను కాపాడడానికి. తీగ ఆ రేకుకు తగిలిన రోజున కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా బాడీకి పోతుంది. సీటు కింది ఫ్యూజు దాకా అది రాదు కాబట్టి ఆ ఫ్యూజు పోదు. కారు బ్యాటరీ అలాంటి సమయంలో కొన్ని వందల ఆంపియర్లు ఇవ్వగలదు. తీగ ఎర్రగా కాలి, దాని తొడుగూ, దాని పక్కనున్న కార్పెట్టూ అంటుకుంటాయి. నాన్నగారు మా అమ్మాయిని స్కూల్లో దింపే కారు ఇది. అందుకే బ్యాటరీ పాజిటివ్ లగ్గు నుంచి తీగ పొడవున 45 సెంటీమీటర్లలోపే ఫ్యూజు ఉండాలన్న నియమాన్ని నేను రాజీ లేనిదిగా భావిస్తాను.

పాత తీగను కోసి గీకి చూశాను. పైన రాగి రంగు, లోపల వెండి రంగు: అల్యూమినియం తీగకు రాగి పూత. చూపుడు వేలంత లావు కనిపించిన తీగలో తొడుగే ఎక్కువ. లోహం కొలిస్తే సుమారు 5 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. ఇలాంటి తీగ అదే మందం రాగి తీగలో మూడింట రెండు వంతుల కరెంటును కూడా అంత తేలిగ్గా పోనివ్వదు. పైగా దాని మొనను ఇత్తడి లగ్గులో బిగించిన చోట, ఉప్పు చెమ్మ సోకి, తెల్లని పొడి పేరుకుంది. అల్యూమినియం, ఇత్తడి ఇలా తడిలో ఆనుకొని ఉంటే వాటిలో అల్యూమినియమే ముందు క్షయిస్తుంది. సముద్రతీర నగరంలో ఇది మరింత వేగంగా జరుగుతుంది.

లెక్క వేసుకున్నాను. చానెల్‌కు 50 వాట్ల చొప్పున నాలుగు చానెళ్లు, మొత్తం 200 వాట్లు. ఏబీ తరగతి (శక్తిలో కొంత వేడిగా పోగొట్టే రకం) యాంప్ కాబట్టి సామర్థ్యం 60 శాతం అనుకుంటే తీసుకునేది సుమారు 333 వాట్లు, ఇంజిన్ నడుస్తుండగా 13.8 వోల్టుల దగ్గర 24 ఆంపియర్లు. మూడున్నర మీటర్ల పాత తీగలో ఆ కరెంటుకు పోయే వోల్టేజీ 0.45 దాకా వస్తుంది. అంతే పొడవున్న 10 చదరపు మిల్లీమీటర్ల స్వచ్ఛమైన రాగి తీగలో 0.15. జగదాంబ వైపు ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో నాలుగు మీటర్ల సన్నపోగుల రాగి తీగ కొన్నాను. కొనేముందు మొనను గీకి చూస్తానంటే దుకాణదారు ఏమీ అనుకోకుండా బ్లేడు ఆయనే ఇచ్చారు.

కొత్త రంధ్రం వేయలేదు. ఆ గోడలోనే ఫ్యాక్టరీ వైర్ల గుత్తి వెళ్లే పెద్ద రబ్బరు గ్రోమెట్‌కు, పక్కన మూసి ఉన్న ఒక చిన్న కొమ్ము ఉంది. దాని మొన కోసి, తీగకు ముడతల ప్లాస్టిక్ తొడుగు వేసి, అందులోంచి లోపలికి పంపి, చుట్టూ సిలికాన్ పెట్టాను. పాత రంధ్రపు అంచును ఆకురాయితో నున్నగా చేసి, ప్రైమర్ వేసి, రబ్బరు మూతతో మూశాను. తీగను బ్రేకు పెడల్‌కూ, స్టీరింగ్ కడ్డీకీ, వేడెక్కే గొట్టాలకూ దూరంగా నడిపించాను. 40 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీకి ఒక జానెడు దూరంలో బిగించాను.

జూన్ 29, ఆదివారం

ఎడమ సీటు వెనక్కి తోసి కార్పెట్ ఎత్తాను. యాంప్‌ను తమ దారి తామే కోసుకునే నాలుగు స్వీయ మర స్క్రూలతో నేరుగా నేల రేకుకు బిగించారు. పరిచయం ఉన్న సర్వీస్ షెడ్డులో కారును ర్యాంప్ ఎక్కించి కిందికి వెళ్లి చూశాను. నాలుగు స్క్రూల మొనలూ బయటికి వచ్చి ఉన్నాయి, ఒక్కొక్కదాని చుట్టూ రూపాయి బిళ్లంత తుప్పు. వాటిలో ఒకటి, వెనక చక్రాలకు వెళ్లే సన్నని ఇనుప బ్రేకు గొట్టానికి చిటికెన వేలు మందం దూరంలో ఉంది. అర అంగుళం పక్కన బిగించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి మనసు ఒప్పలేదు. చాలా కార్లలో నేల కింద బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు, వైర్ల గుత్తులు ఒకే వరుసలో వెళ్తాయి. వెనక సీటు కిందైతే పెట్రోలు ట్యాంకే ఉండవచ్చు. పైనుంచి చూసేవారికి ఎక్కడ చూసినా అదే బూడిద రంగు కార్పెట్.

ఎర్త్ తీగ సంగతి వేరు. దాన్ని సీటు బెల్టు పట్టే బోల్టు కింద ఇరికించారు. ప్రమాదంలో మనిషి బరువంతా ఆపాల్సిన బోల్టు అది. దాని కింద ఒక లగ్గు దూర్చితే బిగింపు మారిపోతుంది, దాన్ని బిగించాల్సిన కొలతకు అర్థం ఉండదు. పైగా లగ్గు కింద పెయింట్ గీకలేదు కాబట్టి ఎర్త్ కూడా సరిగా అందలేదు. లగ్గు తీసేసి, షెడ్డులోనే ఆ బోల్టును టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) కారు పుస్తకం చెప్పిన కొలతకు బిగించాము.

తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి, తుప్పును మార్చే ద్రావణం పూసి, ఆరిన తరువాత జింకు ప్రైమర్, దాని పైన సీలెంట్, కింది వైపు అండర్‌బాడీ కోటింగ్ వేశాను. నాలుగు రంధ్రాలూ మూసుకుపోయాయి. యాంప్‌ను 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకకు, పలక మందం కన్నా పొట్టి స్క్రూలతో బిగించాను. ఆ పలక మడమ ఎత్తు స్పాంజి కాళ్ల మీద, దళసరి వెల్‌క్రోతో కార్పెట్‌కు పట్టుకొని ఉంది. సీటును ముందు నుంచి చివరి దాకా పదిసార్లు జరిపి, పట్టాల కింద ఏ తీగా నలగడం లేదని, సీటు కింది పసుపు కప్లర్ తీగ ఎక్కడా లాగుకోవడం లేదని చూశాను. ఎర్త్‌కు బాడీ మీద ఫ్యాక్టరీ వాళ్లే ఇచ్చిన ఒక మర రంధ్రం దొరికింది. పెయింట్ మెరిసే దాకా గీకి, పళ్ల వాషర్ వేసి, బిగించి, పైన గ్రీజు పూశాను. బిగించాక పూయాలి, ముందు కాదు.

జూలై 6, ఆదివారం

ఎడమ తలుపు పూర్తయింది. ఆగి ఆగి పలికే స్పీకర్‌కు కారణం తలుపు కీలు దగ్గర దొరికింది. తలుపుకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచి కాకుండా, దాని పక్కగా స్పీకర్ తీగను లాగారు. తలుపు మూసినప్పుడల్లా అది కీలులో నలిగింది. రబ్బరు గొట్టంలోకి కొత్త తీగ దూర్చడానికి రెండు గంటలు పట్టింది. కొంచెం సబ్బు నీరు, ఒక గట్టి నైలాన్ దారం, ఓపిక. ఆ రెండు గంటలు ఆదా చేయడానికే మొదటిసారి అడ్డదారి తొక్కారని నాకు అర్థమైంది. దుకాణంలో పనిచేసే కుర్రవాడికి రోజుకు నాలుగు కార్లు పూర్తి చేయాలన్న ఒత్తిడి ఉంటే అతని చేతిని మాత్రమే తప్పు పట్టలేను.

స్పీకర్‌కు 12 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ వలయం పెట్టి ముందుకు జరిపాను. ఇప్పుడు అద్దానికీ అయస్కాంతానికీ మధ్య 9 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. ముందుకు జరిపితే డోర్ ప్యాడ్ జాలీకి కోన్ (స్పీకర్‌లో అదిరే గిన్నె వంటి భాగం) తగలదు కదా అని వెనుక నుంచి మైనపు ముద్ద పెట్టి నొక్కి చూశాను, సరిపోయింది. తెగిన షీట్ స్థానంలో దళసరి పాలిథిన్ షీట్ కోసి, స్పీకర్ వెనుక భాగం మీద చిన్న గొడుగులా మడత వచ్చేలా, షీట్ అడుగు అంచు తలుపు డొల్ల లోపలికి దిగేలా, కొత్త బ్యూటైల్ తాడుతో చుట్టూ అంటించాను. అడుగు అంచు లోపలికి దిగకపోతే షీట్ మీద జారే నీరు మళ్లీ ప్యాడ్‌లోకే వస్తుంది. స్పీకర్ దగ్గరకు వచ్చే తీగను ముందు కిందికి వంచి, తరువాత పైకి తెచ్చాను. తీగ వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది. డాంపింగ్ షీట్ ముక్కలను కన్నాలకు నాలుగు వేళ్ల ఎత్తున ఆపేశాను. విరిగిన క్లిప్పులన్నీ కొత్తవి వేశాను.

ట్వీటర్లను (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లను) ముందు అద్దం పక్క స్తంభాలకు పెట్టాలని మొదట అనుకున్నాను. మా కారులో పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు లేవు. ఉన్న కార్లలో అవి పైకప్పు అంచు నుంచి, తరచు ఆ స్తంభం పక్కగా కూడా తెరుచుకుంటాయి కాబట్టి, అక్కడ ఏదీ బిగించకూడదు, తీగ నడిపినా ఎయిర్‌బ్యాగ్ వెనుకగానే నడపాలి. చివరికి ఆ ఆలోచనే మానుకొని డోర్ ప్యాడ్ పై మూలలోనే వాటిని ఉంచాను.

జూలై 10, గురువారం

సింహాచలం గిరి ప్రదక్షిణ కోసం నిన్నటినుంచి మా వీధులన్నీ నడిచే భక్తులతో నిండిపోయాయి. కారు తీసే ప్రసక్తే లేదు కాబట్టి, అదే మంచి పరీక్ష అయింది. మంగళవారం రాత్రి 12.63 వోల్టులు. ఈ ఉదయం 12.58. నాన్నగారు సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ ఒకే పలుకులో లేచింది. ఆయన నా వైపు చూసి తల ఊపి, ఏమీ అనకుండా ఆఫ్ చేశారు.

జూలై 13, ఆదివారం

యాంప్ గెయిన్ సర్దాను. పాత పనిలో గెయిన్ గుండీని చివరి దాకా తిప్పేసి ఉంది. ఎక్కువ తిప్పితే ఎక్కువ బలం అన్నది పొరపాటు. స్టీరియో ఇచ్చే సంకేతానికీ యాంప్‌కూ పొంతన కుదర్చడమే ఆ గుండీ పని. అది ఎక్కువైతే తరంగం శిఖరాలు తెగిపోయి, ఆ తెగిన శబ్దంలోని అదనపు వేడి ముందుగా ట్వీటర్ సన్నని తీగచుట్టను కాల్చేస్తుంది. కుడి ట్వీటర్ పోయి ఎంతకాలమైందో ఎవరికీ తెలియదు. ఎడమది మాత్రమే పలుకుతూ వచ్చింది.

స్పీకర్ తీగలు విప్పి, వెయ్యి హెర్ట్జ్ స్వరం ఫోన్ నుంచి వాయించి, స్టీరియో వాల్యూమ్‌ను ముప్పావు దగ్గర ఉంచాను. 50 వాట్లను 4 ఓములతో గుణించి వర్గమూలం తీస్తే 14.1. యాంప్ ఔట్‌పుట్ మీద మల్టీమీటర్ ఏసీ కొలతలో 14 వోల్టులు చూపే దాకా మాత్రమే గుండీ తిప్పి ఆపాను. అది చివరి నుంచి కాదు, మొదటి నుంచి మూడో వంతు దగ్గరే ఆగింది. స్పీకర్లు తిరిగి కలిపేముందు ఒక్కొక్కదాని మీద 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ క్షణం సేపు తాకించి, కోన్ ముందుకు వస్తోందని చూసి పాజిటివ్ గుర్తు సరిచూసుకున్నాను. వెనుక కుడిది తిరగబడి ఉంది.

ఇంజిన్ రేసు చేసినప్పుడు సన్నని ఈల వినిపించింది. సిగ్నల్ కేబుళ్లు పాత పనిలో ఎర్ర తీగతో పాటు ఒకే కట్టగా వచ్చేవి. వాటిని నేను ఇంకా మార్చలేదు. వాటిని కారు కుడి వైపు నుంచి తెచ్చేసరికి ఈల ఆగింది.

జూలై 20, ఆదివారం

నిన్న సాయంత్రం నుంచి రాత్రి దాకా కుండపోత. ముందే రెండు వైపులా మ్యాట్ల కింద నాలుగు మూలల్లోనూ, డోర్ ప్యాడ్ అడుగు అంచునా టిష్యూ కాగితాలు ఉంచాను. ఈ ఉదయం ఎడమ వైపున అన్నీ పొడిగా వచ్చాయి. కుడి ముందు తలుపు దగ్గర ఉంచిన కాగితం ఒక మూలన, గోరంత మేర, తడిసి ఉంది. మూడేళ్ల క్రితం ఆ షీట్‌ను కూడా అదే చేతులు కోసి ఉంటాయి.

కార్పెట్ కింద స్పాంజిలో పాత చెమ్మ ఇంకా ఉంది కాబట్టి దాన్ని పూర్తిగా ఎత్తి, వేడి గాలి తగిలేలా రెండు రోజులు టేబుల్ ఫ్యాన్ పెట్టాను. బావి వాసన తగ్గింది గాని పూర్తిగా పోలేదు. క్లిప్పులు పదిహేను అదనంగా కొని ఉంచాను, బ్యూటైల్ తాడు సగం చుట్ట మిగిలింది. వచ్చే ఆదివారం ఉదయం బ్యాటరీ లగ్గు విప్పి కుడి ముందు తలుపు తెరుస్తాను. అద్దం దింపి కొలవాల్సిన లోతును ఇప్పుడే పలక మీద సుద్దతో రాసి పెట్టాను.